గ్లాసులు కడిగే వంతు

డిపో విశ్రాంతి గది
బుధవారం మధ్యాహ్నం

అక్కా,

చేతిలో ఫోను పెట్టుకుని ఈ ఉత్తరాలేమిటని నవ్వకు. ఫోనులో నువ్వు "బాగున్నాన్రా" అంటావు, వెంటనే "ఎవరో పిలుస్తున్నారు, పెట్టేస్తున్నా" అంటావు. మొన్న ఆ రెండు మాటల మధ్యే ఆవులింత వినిపించింది. ఉత్తరం రాయాలంటే మనిషి కూర్చోవాలి. నిన్ను కాసేపు కూర్చోబెట్టడానికి నాకు ఇంతకంటే ఉపాయం తోచలేదు.

నేను ఎక్కడ కూర్చుని రాస్తున్నానో చెప్తే నీకు తిండి సహించదు. డ్రైవర్లు పడుకునే గది ఇది. పరుపు నిండా ఎవరెవరివో తలనూనె మరకలు. వాష్‌బేసిన్‌లో ఎవడిదో గీసిన గడ్డం, అలాగే వదిలేసి పోయాడు. టీ గ్లాసులో సిగరెట్ పీక నానుతోంది. పొద్దున బస్సులో ఒక పెద్దమనిషి కిటికీ తెరిచే ఓపిక లేక పక్కవాడి చెప్పుల మీద వాంతి చేసుకుని, దిగేటప్పుడు "కొంచెం శుభ్రం చేయించండి" అని నాకే ఆజ్ఞ వేసి పోయాడు. మనిషన్నవాడి మీద నాకు రోత పుట్టి చాలాకాలమైంది. ఇలాంటి రోజుల్లో అది ఇంకాస్త ముదురుతుంది.

ఇంత కంపులోనూ ఇక్కడ ఒక్క మంచి పద్ధతి ఉంది. దూరపు బస్సుకి ఇద్దరు డ్రైవర్లుంటాం. ఒకడు నడుపుతుంటే రెండోవాడు వెనక బెర్తు మీద పడుకోవాలి. పడుకోవచ్చు అని కాదు, పడుకోవాలి. అదీ డ్యూటీయే. మేలుకుని ఫోను చూస్తూ దొరికితే ఇన్‌స్పెక్టరు తిడతాడు. నా రెండో డ్రైవరుని అందరం గురక అని పిలుస్తాం. వాడు తన డ్యూటీ ఎంత నిష్ఠగా చేస్తాడో ఆ పేరే చెప్తుంది.

మరి నీకు రెండో డ్రైవరు ఎవరు? పొద్దంతా ఫ్యాక్టరీలో మిషను మీద ఆసుపత్రి దుప్పట్లు కుడతావు. ఆ తర్వాత చర్చి. తాళం తీసేది నువ్వు, ఊడ్చేది నువ్వు, కుర్చీలు వేసేది నువ్వు. నేను చర్చికి రావడం మానేసినప్పుడు నువ్వు ఏడ్చావు. నాకు దేవుడితో ఏ పేచీ లేదని అప్పుడే చెప్పాను. ఆయన ఇంట్లో కాళ్ళు జాపుకుని కూర్చున్న జనాన్ని చూస్తేనే నాకు ఒళ్ళు మండుతుంది.

కూర్చుని రాయి.

తమ్ముడు


ఇంటి నుంచి
శనివారం

ప్రభువు ప్రేమలో తమ్ముడికి,

కూర్చునే రాస్తున్నాను, చాలా? ఎదురుగా పొయ్యి మీద రేపటి రొట్టె కాలుతోంది. అది చూసుకుంటూ రాస్తున్నాను కాబట్టి అక్షరాలు వంకరగా ఉంటే ఏమనుకోకు. వేలికి సూది కాస్త గీరుకుంది, అదీ ఒక కారణం. పెద్దదేం కాదు.

నువ్వు ప్రతిదానికీ రోత రోత అనడం మానెయ్‌రా. మనుషులన్నాక వాంతులూ చేసుకుంటారు. నీ నోటికి ఆ మాట అలవాటైపోయింది.

నేను చేసేది పనేం కాదు, పరిచర్య. తాళం నా దగ్గర ఉంటే నాకు బరువేముంది? ప్రభువు బల్ల మీద పరిచే గుడ్డ ఉతికి ఇస్త్రీ చేస్తాను, రొట్టె చేస్తాను, ద్రాక్షారసం చిన్న గ్లాసుల్లో పోసి పళ్ళెంలో సర్దుతాను, అయ్యాక గ్లాసులు కడిగి పెడతాను. ఆ మధ్యలో పిల్లల క్లాసు. శుక్రవారం ఉపవాస కూడిక. జబ్బుగా ఉన్నవాళ్ళని ఒకసారి చూసి వస్తాను. పాటల పుస్తకాలు చిరిగితే అంటిస్తాను. ఇవన్నీ ఎవరో ఒకరు చెయ్యాలి కదా.

మా సంఘపెద్ద ఉన్నాడే, ప్రతి మాటకీ ముందు స్తోత్రం, వెనక స్తోత్రం అంటుంటాడు, ఆయన పోయిన ఆదివారం అందరి ముందూ లేచి "స్తోత్రం! ఈ తల్లి అలసిపోవడం నేనెప్పుడూ చూడలేదు, స్తోత్రం!" అన్నాడు. నాకు సిగ్గేసింది గానీ, నిజం చెప్పొద్దూ, సంతోషంగానే అనిపించింది.

ఇంకో మంచి కబురు. వచ్చే నెలాఖరుకి స్త్రీల సభలు పెడుతున్నారు. చుట్టుపక్కల సంఘాల వాళ్ళందరూ వస్తారు. వంట బాధ్యత ఎవరు తీసుకుంటారని పాస్టరుగారు అడిగితే అందరూ నేల చూశారు. ఎంతసేపని చూస్తారు పాపం. నేనే చెయ్యెత్తాను. శక్తి ఇచ్చేవాడు ఆయనే కదా, నాదేముంది.

నువ్వు ఒక్కసారి వచ్చి మాతో కూర్చోరా. అంతకంటే నేనేమీ అడగను.

రొట్టె మాడేలా ఉంది. ఉంటాను.

అక్క


డిపో విశ్రాంతి గది
సోమవారం

అక్కా,

వచ్చాను.

నమ్మవని తెలుసు. నిన్న మీ ఊళ్ళో బస్సు టైరు పగిలింది. షెడ్డులో పెట్టి మార్చేదాకా గురకని కాపలా ఉంచి, నేను మీ చర్చికి నడిచొచ్చాను. నీకు ముందే చెప్తే పండగ చేస్తావని చెప్పలేదు. చివరి బెంచీ మీద కూర్చున్నాను. నా పక్కన ఒక ముసలాయన, ఆయన కోటుకి కర్పూరం ఉండల వాసన. పాటలు బాగున్నాయి. పాస్టరుగారు పూర్వం కంటే చిక్కిపోయాడు. పళ్ళెం నా దాకా వస్తే రొట్టె తీసుకున్నాను, ద్రాక్షారసం గ్లాసూ తీసుకున్నాను. నీకు సంతోషంగా ఉంటుందని చెప్తున్నాను.

నీ కోసం వరస వరసా వెతికాను. బావ ఒక్కడే కూర్చుని ఉన్నాడు, పక్కన ఖాళీ. ఎక్కడున్నావు? బస్సు టైమైపోయి నిన్ను చూడకుండానే వెళ్ళాల్సి వచ్చింది.

అక్కా, ఆ చిన్న గ్లాసులు నువ్వే కడుగుతావు కదా. ఏ సబ్బు వాడతావు? ఎలా కడుగుతావు? ఊరికే అడుగుతున్నాను, మా డిపో క్యాంటీన్‌లో కూడా గ్లాసుల గొడవ ఉంది.

నీ వేలు ఎలా ఉంది?

తమ్ముడు


ఇంటి నుంచి
ఆదివారం సాయంత్రం

తమ్ముడికి,

నువ్వొచ్చావని చదివి ఉత్తరం పట్టుకుని బావ దగ్గరికి పరుగెత్తాను. ఆయన గడియారాలు బాగుచేసే బల్ల మీద నుంచి తలెత్తకుండా "చూశాను, చెయ్యి ఊపాడు" అన్నాడు. నాకు చెప్పనేలేదు! ఎందుకు చెప్పలేదంటే "నువ్వు ఇంట్లో ఉంటే చెప్పేవాణ్ణి" అన్నాడు. ఈ మధ్య ఆయన మాటలన్నీ ఇలాగే ఉంటున్నాయి. "నీకు మొగుడున్నాడని మీ పాస్టరుగారికి ఎవరైనా చెప్పారా" అని కూడా అన్నాడు ఒకరోజు.

నేను ఎక్కడున్నానా? వెనక గదిలో. ఇంకెక్కడుంటాను? ఆరాధన నడుస్తున్నంతసేపూ నాకు వెనక గదిలోనే సరిపోతుంది. పళ్ళేలు సర్ది పంపించేసరికి మీరు తీసుకోవడం అయిపోతుంది, ఖాళీ గ్లాసులు వచ్చేస్తాయి. వెంటనే కడిగి తీసేయకపోతే పిల్లల క్లాసుకి ఆ బల్ల దొరకదు.

సబ్బు గురించి నీకెందుకురా? సరే, అడిగావు కాబట్టి చెప్తున్నాను. పాస్టరమ్మగారు పెద్ద డబ్బా కొనిచ్చారు, నిమ్మకాయ వాసనది. చుక్క వేస్తే బకెట్టు నిండా నురగ. ఇదివరకు రెండుసార్లు మంచినీళ్ళలో ముంచి తీసేదాన్ని. ఇప్పుడా కుళాయి దారంలా కారుతుంది, అంత టైము ఎక్కడుంది? ఒక్క ముంచు ముంచి గుడ్డ మీద బోర్లిస్తాను. తళతళ మెరుస్తుంటాయి.

వేలి సంగతి దాచడం ఎందుకులే. గీరుకోలేదు, సూది గోట్లోంచి దిగి అటు వైపు వచ్చింది. మిషను నడుస్తుండగానే నాకు కునుకు పట్టింది. దుప్పటి అంచు కుట్టుకుంటూ పోతున్నాను, ఒక్కసారిగా నా వేలే కుడుతున్నాను. ఆ తెల్ల దుప్పటి పాడైపోయింది. సూపర్‌వైజరు మంచిదే, కానీ "మళ్ళీ ఇలా అయితే నిన్ను మిషను మీద కూర్చోనివ్వను" అని గట్టిగా చెప్పింది.

బావకి చెప్పకు. ఆయనకి తలుపులో పడి నలిగిందని చెప్పాను.

అక్క


బస్‌స్టాండు బెంచీ
గురువారం

అక్కా,

చదివి రెండు రోజులు నాలో నేనే తిట్టుకున్నాను. ఇక కడుపులో పెట్టుకోలేను.

ఆ రోజు నేను తాగింది సబ్బునీళ్ళు. నాలుక మీద పెట్టగానే నిమ్మకాయ సబ్బు. కడుపులో తిప్పింది. బస్సులో వాంతి చేసుకున్న పెద్దమనిషి మీద మొదటిసారి జాలేసింది. చుట్టూ చూశాను. ఎవడైనా మొహం చిట్లిస్తాడేమో, పక్కవాడికి సైగ చేస్తాడేమో అనుకున్నాను. ఒక్కడంటే ఒక్కడు కదల్లేదు. అందరూ కళ్ళు మూసుకుని, మింగి, ఆమేన్ అన్నారు. నేను దగ్గుతుంటే పక్కన ముసలాయన నా వీపు నిమిరి, "కొత్తా బాబూ? అలవాటైపోతుంది" అన్నాడు.

అలవాటైపోతుందట! అంటే ఎంతకాలంగా తాగుతున్నారు ఆ జనం? చర్చి నిండా మనుషులు వారం వారం సబ్బు మింగి ఇంటికి పోతున్నారు, నీకు ఒక్క మాట చెప్పేవాడు లేడు. ఎందుకు చెప్పరో నీకు తెలియకపోయినా నాకు తెలుసు. చెప్పినవాడి చేతికి గ్లాసులు వస్తాయి. గిన్నె కడగడం కంటే సబ్బు తాగడం నయమనుకునే మనుషులు! ఛీ. నా డిపో గదిలో సిగరెట్ పీక నానేసిన వాడికి కూడా ఇంకాస్త సిగ్గుంటుంది.

వాళ్ళ సంగతి అలా ఉంచు. రెండు రోజులుగా నన్ను తినేస్తున్న ప్రశ్న వేరే ఉంది. ఆ సబ్బు నీ నోటికి ఎందుకు తగల్లేదు?

నువ్వు తాగితే మొదటి వారమే తెలిసిపోయేది కదా.

తమ్ముడు


ఇంటి నుంచి

నీ ఉత్తరం చింపేశాను. దేవుడి బల్ల గురించి అంత నీచంగా రాయడానికి నీకు చెయ్యెలా వచ్చింది? చర్చి మెట్లు ఎక్కక ఎన్నేళ్ళయిందో తెలియనివాడు ఒక్కరోజు వచ్చి చివరి బెంచీ మీద కూర్చుని మమ్మల్ని తూకం వేస్తాడా?

గ్లాసులు శుభ్రంగానే ఉన్నాయి. నీ నోరే బాగోలేదు.

ఇక రాయకు.


ఫ్యాక్టరీ భోజనాల గది
మంగళవారం

తమ్ముడికి,

రాయకు అన్నది నేనే, మళ్ళీ రాస్తున్నదీ నేనే. ఇంట్లో రాస్తే బావ చూస్తాడని ఇక్కడ రాస్తున్నాను. ఈ బల్ల మీద ఎవరో తిన్న ఎంగిలి తుడవకుండా పోయారు. ఇదివరకైతే నేనే తుడిచేదాన్ని. ఇవాళ దాన్ని అలాగే వదిలేసి ఈ చివర కూర్చున్నాను.

నీ ఉత్తరం చింపాక ఆదివారం వచ్చింది. పళ్ళేలు వెనక్కి వచ్చాయి. ఒక గ్లాసు నిండుగా మిగిలింది. ఎప్పుడూ ఒకటి మిగులుతుంది. నోట్లో పోసుకున్నాను.

నువ్వు చెప్పింది నిజం.

ఊరుకోలేకపోయాను. ఒక్కొక్కరినీ పట్టుకుని అడిగాను. మన స్తోత్రం పెద్దాయన "తెలుసు తల్లీ, చెప్తే నువ్వు నొచ్చుకుంటావని" అన్నాడు. పాస్టరమ్మగారు నోట్లోనే ఉంచుకుని బయటికి వెళ్ళి కర్చీఫులో ఊసేసేదట, నవ్వుతూ చెప్పింది. పాటలు పాడే అమ్మాయి ఒక్కతే ఉన్నదున్నట్టు చెప్పింది. "చెప్తే, అయితే నువ్వే కడుగు అంటారని భయమేసింది ఆంటీ" అంది. పాస్టరుగారిని అడిగితే ఆయన తెల్లబోయి "సబ్బా? నేను ద్రాక్షారసమే కల్తీదనుకున్నానమ్మా, రెండు కొట్లు మార్చాను కూడా" అన్నాడు. ఆయన మీద కోపం రాలేదు. మిగతావాళ్ళ మొహాలు చూస్తే మాత్రం, నీ మాటే వాడుతున్నాను, రోత పుట్టింది.

నొచ్చుకుంటానట! నా చేతులతో వాళ్ళకి సబ్బు తాగించాను, దానికి నొచ్చుకోనా? బల్ల గుడ్డ కాస్త ముడతపడితే మనసు ఒప్పక మళ్ళీ ఇస్త్రీ చేసేదాన్ని. ఆ గుడ్డ మీద పెట్టి ఇన్నాళ్ళూ ఇచ్చింది ఇదా?

ఇక నువ్వు అడిగిన ప్రశ్న.

నేను ఎప్పుడు తాగానో గుర్తులేదురా. వెనక గది తలుపు మూసే ఉంటుంది. లోపలికి ఎవరూ పళ్ళెం తీసుకురారు, నేనూ బయటికి వెళ్ళను. ఆ మిగిలే గ్లాసు ఉందే, అది ఎవరిదో లెక్క వేసుకున్నాను. నాదే. నాది నేనే ప్రతి వారం తొట్టిలో పారబోసి, సబ్బు పెట్టి కడిగి బోర్లిస్తున్నాను.

ప్రార్థనకి కళ్ళు మూసుకుంటే కుర్చీలు కనిపిస్తున్నాయి. ప్రభువా అనగానే సభలకి గరిటెలు సరిపోతాయా అనిపిస్తుంది, అక్కడే నిద్రపోతున్నాను. పోయిన శుక్రవారం చర్చి తాళం తీస్తుంటే ఆ తలుపు మీద ఉమ్మేయాలనిపించింది. నిజంగా. నాకు భయమేసింది. నువ్వు దూరమైనప్పుడు దేవుడి ముందు నీకోసం ఏడ్చినదాన్ని, ఇప్పుడు నాకోసం నాకు ఏడుపు కూడా రావడం లేదు.

సభలు దగ్గరికొచ్చాయి. ఏం చెయ్యనురా?

అక్క


డిపో విశ్రాంతి గది
బుధవారం

అక్కా,

నీ ఉత్తరం గురక ఎదురుగానే చదివాను. వాడు నా మొహం చూసి టీ తెచ్చిచ్చాడు, పీక లేని గ్లాసులో.

నువ్వు నన్ను తిట్టినప్పుడు నాకేమీ అనిపించలేదు. తలుపు మీద ఉమ్మేయాలనిపించింది అన్నావే, ఆ ముక్క దగ్గర భయపడ్డాను. రోత నా సొత్తు అక్కా, అది నీకు పనికిరాదు. నేను ఇన్నాళ్ళూ ధైర్యంగా చర్చిని తిట్టుకుంటూ తిరిగానంటే నువ్వు లోపల ఉన్నావనే. ఎప్పుడో ఒకరోజు నాకు రావాలనిపిస్తే తలుపు తీసేదానివి నువ్వుంటావని. ఇప్పుడు నువ్వే బయటపడితే నేను ఏ తలుపు కొట్టాలి? వేలు మానుతుంది. ఆ ఫ్యాక్టరీ కాకపోతే ఇంకోటి. నీ విశ్వాసం పోతే నేనెక్కడ వెతికి తెచ్చివ్వను?

నాకు బోధలు చేయడం రాదు. నాకు తెలిసిన ఒకే ఒక్క కథ నువ్వు చెప్పిందే. నా చిన్నప్పుడు కాగితం పడవ చేసి, నీళ్ళ తొట్టిలో వేసి, చేత్తో అలలు లేపుతూ చెప్పావు. తుఫానులో అందరూ గగ్గోలు పెడుతుంటే ప్రభువు పడవ వెనక భాగంలో తలగడ వేసుకుని నిద్రపోయాడని. ఆయనకి పని తక్కువై పడుకున్నాడా? పొద్దంతా జనం మీద పడి ఆయన్ని పీల్చేశారు, ఒళ్ళు అలిసింది, పడుకున్నాడు. తెడ్లు వేయడానికి పడవలో వేరేవాళ్ళున్నారు, వాళ్ళని వేయనిచ్చాడు. ఆయనే పడుకున్నప్పుడు నువ్వు అలసిపోకపోవడం భక్తి ఎలా అవుతుంది? శక్తి ఇచ్చేవాడు ఆయనే అన్నావు. నిద్ర ఇచ్చేవాడూ ఆయనే కదా. ఒకటి పుచ్చుకుని రెండోది వద్దంటే ఎలా?

గురకకి నీ సంగతి చెప్పాను, తిట్టకు. వాడు చాలాసేపు చెవి గోక్కుని ఒక మాట అన్నాడు. "బస్సు ఒక్కడే నడుపుతూ పోతే రెండో డ్రైవరు కూడా ప్రయాణికుడైపోతాడు" అన్నాడు. అంతే అని పడుకున్నాడు. మీ చర్చి నిండా ప్రయాణికులే అక్కా. వాంతి చేసుకుని "శుభ్రం చేయించండి" అని దిగిపోయేవాళ్ళు. వాళ్ళు పుట్టుకతో అలాంటివాళ్ళని నేను తిట్టుకున్నాను. గురక మాట విన్నాక, స్టీరింగు నువ్వు ఎవరికీ ఇవ్వలేదేమోనని కూడా అనిపించింది. కోపం తెచ్చుకోకు. తెచ్చుకున్నా ఫర్వాలేదు.

సభల వంటకి ఎత్తిన చెయ్యి దించెయ్. ఎత్తడం వచ్చినదానికి దించడం రాదా? ఈ ఆదివారం గ్లాసులు తొట్టిలో అలాగే వదిలేసి ఇంటికి పో. తాళం పాస్టరుగారికి ఇచ్చెయ్. ఆ తర్వాతి ఆదివారం బావ పక్కన కూర్చో.

ఎవరికీ ఏమీ వివరించకు. వివరించడం కూడా పనే.

తమ్ముడు


ఇంటి నుంచి
ఆదివారం మధ్యాహ్నం

తమ్ముడికి,

చెప్పాల్సింది చాలా ఉంది, అంతా వరసగా చెప్తాను.

స్టీరింగు మాటకి కోపం వచ్చింది. ఒక రోజంతా ఉంది. తర్వాత ఆలోచిస్తే, ఇదివరకు పాటలు పాడే అమ్మాయి ఒకసారి గ్లాసులు కడగడానికి వచ్చింది. నీకు సరిగ్గా రాదులే అని నేనే పంపేశాను. ఇక కోపం ఎవరి మీద తెచ్చుకోను?

పాస్టరుగారి దగ్గరికి వెళ్ళి సభలకి నేను వండలేనని చెప్పాను. "ప్రార్థన చేద్దామమ్మా" అన్నాడు. "చేయండి, నేను మాత్రం వండను" అన్నాను. నా నోట్లోంచి ఆ మాట వచ్చిందంటే నాకే నమ్మకం కలగలేదు. నా కట్టు కట్టిన వేలు చూసి, ఏమైందని అడిగాడు. చెప్పాను. తాళం చేతిలో పెడితే ఏదో వేడి వస్తువులా పట్టుకున్నాడు. సభల్ని వెనక్కి జరిపారు, ఈసారి ఎవరి తిండి వాళ్ళే తెచ్చుకోవాలట.

పోయిన ఆదివారం గ్లాసులు తొట్టిలో వదిలేసి ఇంటికొచ్చాను. దారంతా వెనక్కి చూశాను. ఇంటికొచ్చి మంచం మీద కూర్చున్నంతవరకే గుర్తు. లేచేసరికి చీకటి పడింది, బావ నా చెప్పులు విప్పి పక్కన పెట్టి, దుప్పటి కప్పి, చప్పుడు కాకుండా గడియారాలన్నీ పక్క గదిలోకి మార్చేశాడు. వేలికి నిజంగా ఏమైందో ఆ పూటే చెప్పేశాను. ఆయనకి ముందే తెలుసట. తలుపులో పడి నలిగితే మధ్యలో చిల్లు పడదు కదా అన్నాడు.

ఇక ఇవాళ్టి సంగతి. ముందు వరసలో బావ పక్కన కూర్చున్నాను. ఒక్కరు కూడా ఏమీ అడగలేదు. వారం రోజులుగా ఆ గ్లాసులు తొట్టిలో ఎలా ఉంటాయో ఊహించుకో. పాస్టరమ్మగారు వెనక గదిలోకి వెళ్ళింది, ముక్కు మూసుకుని బయటికొచ్చింది. ఇంకో ఆమె వెళ్ళింది, "చీమలు! అడుగంతా బూజు!" అంటూ వచ్చింది. తలుపు తెరిచినప్పుడల్లా పులిసిన కంపు ముందు వరస దాకా వచ్చింది. ఒక్కొక్కరే వెళ్ళడం, మొహం అదోలా పెట్టుకుని రావడం, నా వైపు చూడటం. పాస్టరుగారు ఇంకో పాట పాడదామన్నాడు. అదీ అయిపోయింది. మరొకటి. పాడే అమ్మాయికి గొంతు బొంగురుపోయింది.

నా చేతులు ఊరుకోవడం లేదురా. లేవబోయాను కూడా. చేతులు రెండూ తొడల కింద పెట్టుకుని కూర్చున్నాను, చిన్నపిల్లలు కూర్చున్నట్టు. సిగ్గూ, అసహ్యం, కోపం, అన్నీ ఒకేసారి. నాతో పాటు ఇంతమంది కూర్చుని ఉన్నారు, ఒక్క కుళాయి తిప్పడానికి ఇన్ని పాటలా? బావ నా మోచెయ్యి పట్టుకున్నాడు. వదల్లేదు.

అప్పుడు నీళ్ళ చప్పుడు వినిపించింది.

చాలాసేపు వినిపించింది. గ్లాసు పగిలిన చప్పుడు కూడా ఒకటి. తలుపు తెరుచుకుని పళ్ళెంతో వచ్చింది ఎవరనుకున్నావు? మన స్తోత్రం పెద్దాయన. చొక్కా చేతులు భుజాల దాకా మడిచాడు, ముందంతా తడిసిపోయింది, మోచేతికి నురగ. ముక్కుపుటాలు ఇంకా అదురుతున్నాయి. స్తోత్రం అనలేదు. పళ్ళెం తెచ్చి ముందుగా నా ముందు వంచాడు. "ఇన్ని ఉంటాయని తెలియదు తల్లీ" అన్నాడు, అంత మెల్లగా ఆయన మాట్లాడటం నేనెప్పుడూ వినలేదు.

తీసుకున్నాను. గ్లాసు అంచు చుట్టూ బుడగలు. తాగాను. సబ్బేరా! నా కంటే ఘోరంగా కడిగాడు. నాలుక నుంచి గొంతు దాకా నిమ్మకాయ సబ్బు, మొహం ముడుచుకుపోయింది, ఛీ అనిపించింది. చివరి చుక్క దాకా తాగాను. ఇది నాకోసం ఇచ్చింది, నాకు అందింది, నేను పారబోయలేదు. ఏడుపొచ్చింది. ఎన్నాళ్ళ నుంచో రాని ఏడుపు, ముందు వరసలో, అందరి ముందూ.

కళ్ళు తుడుచుకుని, అందరూ ఆమేన్ అనబోతుంటే, "సబ్బు వాసన వస్తోంది" అన్నాను. గట్టిగానే అన్నాను. వెనక నుంచి నీ కర్పూరం కోటు ముసలాయన "ఎన్నాళ్ళనుంచో వస్తోందమ్మా!" అని అరిచాడు. ఎవరో కిసుక్కుమన్నారు, ఇక అందరూ మొదలు. పాస్టరుగారు నవ్వలేదు, నెత్తి మీద చెయ్యి పెట్టుకుని "పాపం ఆ కొట్టువాళ్ళని అన్యాయంగా తిట్టాను" అన్నాడు.

ఆరాధన అయ్యాక అక్కడే నిలబడి వంతులు వేసుకున్నారు. ఈసారి నేను నేల చూశాను, చెయ్యెత్తలేదు. పిల్లల క్లాసు ఒక్కటి మాత్రం ఉంచుకున్నాను, అది నాకు ఇష్టం కాబట్టి. కాగితం పడవలు చేయాలి. మిగతావి ఎవరెవరో తీసుకున్నారు, కొందరు మొహం మాడ్చుకునే తీసుకున్నారు. మాడ్చుకోనీ.

నెలలో ఒక ఆదివారం గ్లాసులకి ఎవరూ దొరకలేదు. ఆ రోజు నీకు డ్యూటీ ఉండదని బావ చెప్పాడు. నీ పేరు ఇచ్చాను. నన్ను అడక్కుండా ఎలా ఇచ్చావంటావేమో, నువ్వు నాకు చెప్పకుండా చర్చికి రాలేదూ?

సబ్బు ఒక్క చుక్క చాలు. మంచినీళ్ళలో రెండుసార్లు ముంచి తియ్యి. తొందరగా చేసేసి, ఎవరూ ఏమీ అనర్లే అనుకోకు. నేను ముందు వరసలోనే కూర్చుంటాను.

నిద్ర వస్తోంది. పట్టపగలే పడుకుంటున్నాను.

అక్క